కార్డు మార్పిడి వ్యామోహం – ఒక ఖండన

‘కొత్త నమూనా వచ్చినది, పాత గ్రాఫిక్స్ కార్డు తీసివేయవలసినదే’ అనే మాట మా కోనసీమ యువకులలో వేదవాక్యంగా చెల్లుబాటవుతున్నది. దీనిని పూర్వపక్షంగా స్వీకరించి ఖండిస్తున్నాను. ‘ఆటల కంప్యూటరుకు కాసు పెట్టడమే దండుగ’ అనే పెద్దల తీర్పునూ అంతే గట్టిగా ఖండిస్తున్నాను. రెండింటా లోపించినది కొలత.

మొదటి హేతువు. పేరులో సంఖ్య పెరిగినంత మాత్రాన అన్నీ పెరగవు. 2021లో వచ్చిన ఆర్‌టీఎక్స్ 3060 తొలి రూపంలో 12 జీబీ మెమరీ ఉన్నది. 2025లో వచ్చిన 5060లో 8 జీబీ మాత్రమే. వేగంలో కొత్తదే మిన్న, కాదనను. మెమరీ చాలని ఆటలో ఆ వేగం ఏ మూలకు?

రెండవ హేతువు. ఉత్పలమాల పాదానికి 20 అక్షరాలు. మరొకటి చేర్చితే పద్యం గొప్పదవదు, ఛందోభంగమవుతుంది. సెకనుకు 60 మార్లు మాత్రమే బొమ్మ మార్చే తెరకు 140 బొమ్మలు గీసే కార్డును తగిలిస్తే, చేతి స్పందనలో స్వల్ప లాభం ఉండవచ్చు గాని, కంటికి అందేవి ఆ అరవయ్యే.

మూడవ హేతువు మా రైతులకు తెలిసినదే. బోదెలో పూడిక తీయకుండా తూము వెడల్పు చేసినంతలో శివారు చేనుకు నీరందదు. ప్రాసెసరు మందగిస్తే ఎంతటి కార్డైనా ఖాళీగా ఎదురుచూస్తుంది. పరీక్ష సులభం: ఆట సెట్టింగులలో రిజల్యూషన్ తగ్గించి చూడండి. బొమ్మల సంఖ్య బాగా పెరిగితే అడ్డంకి కార్డే. కదలకపోతే దోషం చాలావరకు ప్రాసెసరుది. దీనికి దమ్మిడీ ఖర్చు లేదు.

మార్చవలసిన సందర్భమే లేదా? ఉన్నది. 2016 నాటి జీటీఎక్స్ 1060లో రే ట్రేసింగ్ హార్డ్‌వేర్ లేదు. 2025లో వచ్చిన ‘డూమ్: ది డార్క్ ఏజెస్’కు అది తప్పనిసరి. ఆ ఆటే కావలెనన్నవానికి మార్పు అవసరమే. అప్పుడు కూడా పవర్ సప్లైని మరువరాదు. 1060 కోరేది 120 వాట్లు. 5090 కోరేది 575. దానికి తయారీదారు సూచించిన సప్లై 1000 వాట్లది.

ఇంత వాదమెందుకని అడుగుతారేమో. ఆ సొమ్ము కొబ్బరి దింపు డబ్బులో నుంచో, కళాశాల ఫీజుకు దాచినదానిలో నుంచో రావాలి. తండ్రి ‘వద్దు’ అంటే కొడుకు అలుగుతాడు. ‘సరే’ అంటే ఇల్లు అప్పు పడుతుంది. ఇద్దరి నడుమ పక్షపాతం లేని సాక్షి ఆ పరీక్ష ఒక్కటే. అమలాపురంలో గాని, రాజోలులో గాని, కొత్తపేటలో గాని దుకాణం మెట్లెక్కక ముందే తండ్రీకొడుకులు పది నిమిషాలు తెర ముందు కలిసి కూర్చోవాలి.

కొలవక కొన్నవాడూ, కొలవక కాదన్నవాడూ ఒకే గురువు శిష్యులని నా సిద్ధాంతం. బ్లాగ్మిత్రులలో ప్రతివాదులుంటే హేతువుతో రండి, స్వాగతం.