వేలిముద్ర ముసలమ్మది, తప్పూ ముసలమ్మదేనా?

వృద్ధులు డబ్బు విషయంలో మోసపోకుండా వాళ్లకు అవగాహన కల్పించాలన్న మాట ఇప్పుడు అందరి నోటా వినిపిస్తోంది. బ్యాంకులు అంటున్నాయి, పోలీసులు అంటున్నారు, సభ పెట్టిన ప్రతి అధికారీ అంటున్నాడు. వినడానికి మంచి మాటే. కానీ అందులో ఒక తీర్పు ముందే దాగి ఉంది. మోసానికి కారణం మోసపోయిన మనిషి తెలియనితనమే అన్నది ఆ తీర్పు. మేం చెప్పాల్సింది చెప్పాం, ఇక మీ ఖర్మ అని చేతులు దులుపుకోవడానికి ఇంతకంటే సులువైన దారి ఇంకొకటి లేదు.

నేను తిరిగేది మాచర్ల మండలంలో, ఎత్తిపోతల చుట్టుపక్కల. నాగార్జునసాగర్ చూసి ఇటు వచ్చేవాళ్లు చంద్రవంక దూకే చోటు చూసి, ఫోటోలు తీసుకుని వెళ్లిపోతారు. దగ్గర్లోని తండాలు, పల్లెలు వాళ్ల కంట పడవు. అక్కడ ఒంటరిగా బతుకుతున్న ముసలి ఆడవాళ్లు చాలామంది ఉన్నారు. మిరప కోతల కాలంలో కోతకు పోతారు, మిగతా రోజుల్లో దొరికిన పని చేస్తారు. 2024 జూలై నుంచి 4,000 రూపాయలైన పింఛను ఒకటో తారీఖున సచివాలయం ఉద్యోగి ఇంటికే తెచ్చి ఇస్తాడు కాబట్టి ఆ డబ్బు చేతికే వస్తుంది. చిక్కంతా ఖాతాలో పడే డబ్బుతోనే. ఉపాధి పని కూలి, గ్యాసు రాయితీ, కొడుకో కూతురో వేసే వెయ్యీ రెండువేలూ తీసుకోవాలంటే మాచర్ల పోవాలి. ఆటో ఖర్చు, పోయిన కూలి, బ్యాంకులో క్యూ. అందుకని ఊళ్లోనే చిన్న మెషిను పెట్టుకుని కూర్చున్న బ్యాంకు ఏజెంటు దగ్గరికి పోతారు.

ఆ మెషినుకు కావలసింది మూడే. బ్యాంకు పేరు, ఆధార్ నంబరు, వేలు. పిన్ను అక్కర్లేదు, ఫోనుకు నంబరు రానక్కర్లేదు. చదువు రానివాళ్ల కోసమే ఇలా చేశామంటారు. అక్కడే మోసం మొదలవుతుంది. వేలు పెట్టిస్తారు. డబ్బు ఖాతాలోంచి పోతుంది. "పడలేదమ్మా, సర్వరు లేదు, మళ్లీ పెట్టు" అంటారు. మళ్లీ పెడుతుంది. రెండుసార్లు తీస్తారు, ఒకసారి ఇస్తారు. లేదా "ఇవాళ కాదు, రేపు రా" అని ఉత్త చేతులతో పంపేస్తారు. అందరు ఏజెంట్లూ ఇలాంటివాళ్లని అనడం లేదు. నిజాయితీగా పనిచేసే ఆడపిల్లలూ ఈ పనిలో ఉన్నారు. కానీ దొంగ బుద్ధి ఉన్నవాడికి ఈ ఏర్పాటులో అడ్డేమీ లేదు.

ఇలా డబ్బు పోయిన ఒక పెద్దమ్మను రెండోసారి ఎందుకు పెట్టావని అడిగాను. "పడలేదన్నాడు, పెట్టాను. రేషను కాడ కూడా అంతేగా? నాలుగుసార్లు పెడితే గానీ పడదు" అంది. ఈ జవాబులో తెలివితక్కువతనం ఎక్కడుంది? మిరపకాయలు కోసి, కలుపు తీసి, గిన్నెలు తోమి అరిగిపోయిన వేళ్లవి. నిజంగానే పడవు. పడకపోతే మళ్లీ పెట్టమని ఏళ్ల తరబడి నేర్పింది ఎవరు? ప్రభుత్వమే కదా. ఎక్కడ వేలు పెట్టమంటే అక్కడ పెట్టకపోతే బియ్యం లేవని నేర్పి, ఇప్పుడు ఎక్కడ పడితే అక్కడ వేలు ఎందుకు పెట్టావని అడిగితే ఏం న్యాయం?

వేలు పెట్టకపోయినా పోవచ్చు. 2018లో పెద్దపల్లి జిల్లాలో ఒక సిమ్ కార్డుల వ్యాపారి రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైటులో ఉన్న భూమి దస్తావేజుల నుంచి జనం వేలిముద్రలు తీసి, రబ్బరు మీద వాటి నకళ్లు చేసి, వాటితో సిమ్‌లు పుట్టించాడు. దస్తావేజుల మీది ముద్రలను అందరికీ కనిపించేలా పెట్టింది ప్రభుత్వ శాఖే. పోగొట్టుకున్న పిన్నును మార్చుకోవచ్చు, పోయిన వేలిముద్రను ఎలా మార్చుకోవాలి? ఆధార్ బయోమెట్రిక్‌కు తాళం వేసుకోవచ్చని చెబుతారు. నిజమే, ఆ సౌకర్యం ఉంది. కానీ తాళం వేస్తే రేషను దగ్గర వేలు పడదు. తీసి వేసుకోవడానికి నమోదైన ఫోను కావాలి. ఆ ఫోను చాలా ఇళ్లల్లో కొడుకు జేబులో ఉంటుంది.

ఇక రెండో నింద, ఆశ. ఎక్కువ వడ్డీకి ఆశపడ్డారు, అనుభవిస్తున్నారు అంటారు. అగ్రిగోల్డ్ మునిగినప్పుడు ఈ మాట ఎన్నిసార్లు విన్నామో! విజయవాడ కేంద్రంగా నడిచిన ఆ సంస్థ 32 లక్షల ఖాతాల పేరుతో సుమారు 6,380 కోట్ల రూపాయలు వసూలు చేసింది. అది ఏ చీకటి గదిలోనో జరగలేదు. బోర్డులు పెట్టి, కార్యాలయాలు తెరిచి, రసీదులిచ్చి ఏళ్ల తరబడి నడిపారు. ఇంటికొచ్చి డబ్బు తీసుకెళ్లింది తెలిసిన మనిషి, వరసకు పిన్నో వదినో అయిన ఏజెంటు. 1978 నుంచి మనీ సర్క్యులేషన్ స్కీముల నిషేధ చట్టం ఉంది. 1999లో మన రాష్ట్రమే డిపాజిటర్ల రక్షణ చట్టం చేసుకుంది. ఇన్ని చట్టాలు చేతిలో ఉన్న ప్రభుత్వానికి కనిపించనిది కూలి చేసుకునే ముసలమ్మకు కనిపించాలా? యజమానుల అరెస్టు 2016లో జరిగింది. 10,000 రూపాయల లోపు కట్టినవాళ్లకు ప్రభుత్వం డబ్బు ఇవ్వడం గుంటూరులో 2019 నవంబరులో మొదలైంది, 20,000 లోపు వాళ్లకు 2021 ఆగస్టులో. ఈలోపు పోయిన ముసలివాళ్ల సంగతి ఎవరు లెక్కపెట్టారు? ఊళ్లలో తిట్లు తిన్నదీ, ముఖం చాటేసుకు తిరిగిందీ ఎక్కువగా కమీషను కోసం తిరిగిన ఆడ ఏజెంట్లే.

సరే, ప్రైవేటు కంపెనీలు వద్దు, బ్యాంకులోనే దాచుకోండి అన్నారు. 2024 అక్టోబరులో మన పల్నాడు జిల్లాలోనే, చిలకలూరిపేట ఐసిఐసిఐ బ్యాంకు శాఖలో ఖాతాదారుల ఫిక్స్‌డ్ డిపాజిట్లు, కుదువ పెట్టిన బంగారం గల్లంతయ్యాయన్న సంగతి బయటపడింది. సీఐడీ దర్యాప్తు మొదలైంది. అక్కడ దాచుకున్నవాళ్లు ఎవరి మాటలకు మోసపోయారు? అపరిచితులను నమ్మవద్దంటూ గోడకు కాగితం అంటించుకున్న బ్యాంకులు కౌంటరు లోపలివాళ్ల గురించి ఏ కాగితమూ అంటించలేదు.

నరసరావుపేట వంటి పట్టణాల్లోని రిటైరైన ఉద్యోగులకు ఇంకో రకం వల ఉంది. పోలీసుల వేషంలో ఫోనులో కనిపించి, నిన్ను డిజిటల్ అరెస్టు చేశామని గంటల తరబడి కూర్చోబెట్టి డబ్బు వేయించుకుంటారు. మన చట్టంలో అలాంటి అరెస్టు లేదు. ఫోను పెట్టేసి 1930కి చెప్పాలి. బాగా చదువుకున్నవాళ్లే ఇందులో పడుతున్నారు కాబట్టి, చదువు లేకే మోసపోతున్నారన్న వాదన ఇక్కడా నిలవదు.

ఇంట్లో జరిగేది మాత్రం ఏ పోస్టరులోనూ ఉండదు. తల్లి పాసుపుస్తకం, ఏటీఎం కార్డు కొడుకు దగ్గర. పొలం రాయించుకునే దాకా అమ్మా అమ్మా అంటారు, ఆ తర్వాత వంతులేసుకుంటారు. చూసుకుంటామన్న షరతు మీద ఆస్తి రాయించుకుని చూడకపోతే, ఆ దస్తావేజును రద్దు చేయమని కోరే హక్కు 2007 నాటి తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ చట్టంలోని 23వ సెక్షను ఇస్తోంది. మన వైపు వాళ్లు గురజాల ఆర్డీవో దగ్గర అర్జీ పెట్టుకోవాలి. పరువు పోతుందని ఆపేది మళ్లీ ఆ కొడుకులే.

నేను అడిగేది జాలి కాదు. ఏజెంటు చేసిన ప్రతి పనికీ బ్యాంకే పూర్తి బాధ్యత వహించాలని రిజర్వు బ్యాంకు 2006లోనే చెప్పింది. ఖాతాదారు అనుమతి లేకుండా డబ్బు పోతే, తప్పు ఖాతాదారుదేనని రుజువు చేసే భారం బ్యాంకు మీదే ఉంటుందని 2017 జూలైలో ఆదేశించింది. తప్పు ఖాతాదారుదీ బ్యాంకుదీ కాక మూడోవాళ్లదైతే, సమాచారం అందిన మూడు పనిదినాల్లో ఫిర్యాదు చేస్తే ఖాతాదారుకు నష్టం ఉండకూడదు. సమాచారం అందిన నాటి నుంచి అన్నారు, గమనించండి. ఫోను లేని మనిషికి, మెసేజీ అందని మనిషికి గడువు దాటిందని ఏ మేనేజరైనా ఎలా అంటాడు? ఒకసారి తీసుకోవడానికి పెట్టిన వేలు రెండుసార్లు తీయడానికి ఒప్పుదల ఎలా అవుతుంది?

అందుకే మా సమావేశాల్లో వేలు పెట్టేముందు జాగ్రత్త అని చెప్పి ఊరుకోవడం మానేశాం. స్లిప్పు ఇవ్వకపోతే అక్కడి నుంచి కదలవద్దంటున్నాం. పడలేదంటే రెండోసారి పెట్టేముందు బ్యాలెన్సు అడిగి, చదవగలిగిన పిల్లతో చూపించుకోమంటున్నాం. పోయిందని తెలిసిన రోజే 1930కి చెప్పి, బ్యాంకుకు రాసిచ్చి, రెండో ప్రతి మీద ముద్ర వేయించుకోమంటున్నాం. ముప్ఫై రోజుల్లో పరిష్కరించకపోతే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు రాస్తాం. ఒంటరిగా పంపడం లేదు, ఇద్దరు ముగ్గురం వెంట పోతున్నాం.

బ్యాంకుల నుంచి కోరేదీ పెద్దదేమీ కాదు. ఆ మెషిను ఎంత తీసిందో తెలుగులో బయటికి పలకాలి. స్లిప్పు తెలుగులో రావాలి. ఏజెంటు బల్ల మీద అతను ఏ బ్యాంకు తరఫున కూర్చున్నాడో, ఏ అధికారి జవాబుదారీయో పేరూ నంబరుతో పెద్ద అక్షరాల్లో ఉండాలి. వేళ్లు అరిగిన వృద్ధులకు వేలితో పని లేని ఇంకో పద్ధతి ఉండాలి. ఇవి రాసి, సంతకాలతో పాటు వేలిముద్రలు కూడా వేయించి, మాచర్లలోని బ్యాంకులన్నిటికీ ఇస్తున్నాం. ఈసారి ముద్ర వేసేముందు ప్రతి ఒక్కరికీ కాగితం మొత్తం చదివి వినిపించాం.