ముడతల నడుమ తడి నిలువనీయరాదు

వానాకాలంలో సరోజినీ నగర్‌లో ఆరవేసిన బట్టలు ఒకపట్టాన ఆరవు. ‘పగ్’ జాతి కుక్క ముఖంపై ముడతలూ అంతే. చైనాలో పుట్టిన ఈ జాతి, 2003లో వచ్చిన హచ్ ప్రకటనలతో మన ఇళ్ళలో మరింత మక్కువ సంపాదించుకొన్నది.

గత శ్రావణమాసంలో మా పగ్ వద్ద దుర్వాసన మొదలైంది. స్నానాలు పెంచాము, పౌడరు చల్లాము, వాసన హెచ్చింది. ఎవరికైనా ఇచ్చివేద్దామన్న మాట కూడా ఇంట్లో వినవచ్చింది. పశువైద్యుడు ముక్కుపై మడతను విప్పి చూపగా, లోపలి చర్మం ఎర్రగా ఒరిసిపోయి ఉన్నది. కన్నీరు, స్నానపు తడి, పౌడరు ముద్దగట్టి, గాలి సోకని ఆ చోట సూక్ష్మక్రిములు పెరిగాయట. లోపం మా సంరక్షణలోనిదేనని అప్పుడు తెలిసింది.

ఇప్పుడు మేము పాటించే పద్ధతి ఇది. రోజూ మడతను విప్పి, గోరువెచ్చని నీటిలో ముంచి పిండిన మెత్తని గుడ్డతో తుడిచి, వెంటనే పొడిగుడ్డతో తడి లేకుండా అద్దుతాము. చుట్టుకొన్న తోక అడుగున కూడా అంతే. మనిషి చర్మానికున్నంత ఆమ్లగుణం కుక్క చర్మానికి లేదు గనుక మన సబ్బులు వాడరాదు. కుక్కల షాంపూతో నెలకొక స్నానం సాధారణంగా చాలును. వెంట్రుకలు పొట్టివైనా విపరీతంగా రాలుతాయి. వారానికొకసారి రబ్బరు బ్రష్‌తో దువ్వాలి. చర్మం ఎర్రబడినా, చీము పట్టినా, కన్ను రుద్దుకొంటున్నా సొంత వైద్యం మాని పశువైద్యునికి చూపాలి.

రోజుకు ఐదు నిమిషాల పని. ఇచ్చివేసే మాట మా ఇంట్లో మరి ఎవరూ ఎత్తలేదు.