ముందెవరు లోపలికి?

పూతలపట్టు నుంచి ఒక దారి తిరుపతికి, ఇంకోటి చిత్తూరు మీదుగా వేలూరుకి. ప్రాణం మీదికొస్తే ఇక్కడివాళ్లు పరుగెత్తేది రుయాకో, స్విమ్స్‌కో, సీఎంసీకో. ఎమర్జెన్సీ గుమ్మంలో ఎక్కడైనా గొడవ ఒకటే... 'మేం ముందొచ్చాం, వాళ్లనెందుకు పిలిచారు?'

ముందొచ్చినవాళ్లకే ముందు అనేది రేషన్‌షాపు లెక్క. ఇక్కడ ఊపిరి, నాడి, బీపీ, స్పృహ చూసి రంగు ఇస్తారు. ఎరుపైతే ఆ క్షణమే, పసుపైతే కాసేపట్లో, పచ్చయితే ఆగాలి. దీని పేరు ట్రయాజ్. నెపోలియన్ సైన్యంలో సర్జన్ లారీ, హోదా కాదు గాయం చూడమన్ననాటి పద్ధతి.

చేయి విరిగినవాడు హాలు అదిరేలా అరుస్తాడు. అరుస్తున్నాడంటే ఊపిరి ఆడుతున్నట్టే! మరి రాత్రి నేలమీద పడుకుని, తెల్లారి కడుపునొప్పని వచ్చినాయన? కట్లపాము కాటుకి నొప్పి, వాపు దాదాపు ఉండవు. గాటూ కనిపించకపోవచ్చు. రెప్పలు వాలుతుంటే నిద్రమత్తనుకుంటారు. తర్వాత ఊపిరి తీసే కండరాలూ పడిపోతాయి. మూల బెంచీమీద నోరెత్తకుండా కూర్చున్న ఆయనది ఎరుపు.

అందుకే 'కడుపునొప్పి' అని ఊరుకోకండి. నేలమీద పడుకున్నారనీ, రెప్పలు ఎప్పట్నుంచి వాలుతున్నాయో, మాట ముద్దగా వస్తోందో లేదో చెప్పండి. ఛాతీనొప్పయితే ఆ మాటే మొదట. పది నిమిషాల్లో ఈసీజీ తీయాలి. పచ్చ చీటీ పట్టుకుని కూర్చున్నాక ఆయాసం మొదలైతే మళ్లీ నర్సును పిలవండి. రంగు మారుస్తారు.