పిట్ట చుట్టూ కాస్త చోటుండనివ్వండి

మైలవరం కొండల్లో పుట్టిన బుడమేరు చివరికి చేరేది కొల్లేటికి. సెలవు దొరికితే కెమెరా భుజాన వేసుకునే ఈ మెట్ట ప్రాంతపు కుర్రాళ్ల దారీ అటే. కైకలూరు పక్కన ఆటపాకలో గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు కళ్లనిండా కనిపిస్తాయి. అక్కణ్నుంచి వచ్చే ఫొటోల్లో ఎక్కువ భాగం ఒకేలా ఉంటాయి. ఫ్రేమ్ నిండా పిట్టే. ముక్కు ఒక అంచును, తోక ఇంకో అంచును తాకుతుంటాయి. ఈకలు లెక్కపెట్టుకోవచ్చు గానీ, ఆ పిట్ట కొల్లేట్లో ఉందో హైదరాబాద్ జూలో ఉందో మాత్రం తెలియదు.

పిట్టను దగ్గరగా చూడాలనుకోవడం తప్పేమీ కాదు. 600 మిల్లీమీటర్ల లెన్సు చూడగలిగేది నాలుగు డిగ్రీల మేరే. అంత డబ్బు పోసి కొన్నవాళ్లు ఆ కాస్త మేరనూ పిట్టతో నింపాలనే చూస్తారు. పైగా ఫొటో చివరికి చేరేది ఫోన్ తెర మీదికి. అక్కడ పిట్ట చిన్నగా కనిపిస్తే జనం ఆగకుండా వేలితో తోసేస్తారు. అందుకే ఇంటికొచ్చాక క్రాప్, చాలకపోతే మళ్లీ క్రాప్. కారణాలు అర్థమయ్యేవే. అయినా ఈ అలవాటు మానుకోవాలి. చుట్టూ ఉన్న చోటును కత్తిరించేస్తే పిట్ట బతుకులో సగం ఫొటోలోంచి పోతుంది.

పాలపిట్టనే చూడండి. మైలవరం, రెడ్డిగూడెం వైపు మామిడి తోటల పక్కన కరెంటు తీగల మీద కూర్చుని ఉంటుంది. తల కాస్త వంచి కింది నేలనే చూస్తుంటుంది. మిడత కదిలిందా, రెక్కల్లోని నీలమంతా ఒక్కసారిగా విప్పి దూకుతుంది. పట్టుకున్నాక చాలాసార్లు మళ్లీ ఆ తీగ మీదికే వస్తుంది. అంటే తీగ కింద ఖాళీగా కనిపిస్తున్న చోటంతా దాని వేటస్థలం. పిట్టను ఫ్రేమ్ పైమూలకు జరిపి, చూపు ఎటుందో అటువైపు చోటు వదిలితే, అది ఎందుకలా కూర్చుందో చూసేవాళ్లకు తెలుస్తుంది. నడిమధ్యన పెట్టి బిగిస్తే రంగులు మాత్రం మిగులుతాయి.

గిజిగాడి గూడు సంగతీ ఇంతే. దిగుడుబావి మీదికి వంగిన తాటాకు చివర అది గూడెందుకు కడుతుంది? కింద నీళ్లు, చుట్టూ గాలి ఉన్నచోటికి పాముకు చేరడం కష్టం కాబట్టి. గూటిని మాత్రమే తీస్తే అల్లిక పనితనం కనిపిస్తుంది, నిజమే. కింద బావి లోతు కూడా పడితే ఆ పిట్ట తెలివి కనిపిస్తుంది.

చిత్రకారులకు ఈ చిక్కు పాతదే. అమెరికా పక్షులన్నిటినీ నిలువెత్తున గీయాలని పంతం పట్టిన ఆడుబన్, 1827 నుంచి 1838 దాకా అచ్చయిన తన ‘బర్డ్స్ ఆఫ్ అమెరికా’ కోసం సుమారు 39 అంగుళాల ఎత్తు కాగితం వాడాడు. అదీ రాజహంసకు చాల్లేదు. దాని మెడను నేలకు వంచి గీయాల్సి వచ్చింది. అతనికి రెండు శతాబ్దాల ముందు, 1612లో గోవా నుంచి జహంగీర్ కొలువుకు టర్కీ కోడి వచ్చింది. ఆ కొలువు చిత్రకారుడు ఉస్తాద్ మన్సూర్ గీసినదిగా చెప్పే ఆ కోడి బొమ్మలో వెనక చెట్టూ లేదు, కొండా లేదు. ఉత్త నేపథ్యం మీద ప్రతి ముడతా తేటగా కనిపిస్తుంది. ఆ బొమ్మ ఇప్పుడు లండన్‌లోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో ఉంది. ఖాళీ చోటు చేసే పని తెలియాలంటే, మన పిల్లలకు ఫొటోగ్రఫీ నేర్పేవాళ్లు మొదట చూపించాల్సింది దాన్నే.

అలాగని చోటు వదిలిన ప్రతి ఫొటో బాగుంటుందని కాదు. తుమ్మకంప, గుర్రపుడెక్క చిక్కుబడి ఉంటే అది ఖాళీ అనిపించుకోదు. పొద్దెక్కాక పాలిపోయిన ఆకాశం మీద తెల్లకొంగను పెడితే కొంగా ఉండదు, ఆకాశమూ ఉండదు. అదే కొంగను పొద్దున్నే గట్టు నీడ పడిన నీళ్ల మీద, ఎక్స్‌పోజర్ కాస్త తగ్గించి తీస్తే ఈకల తెలుపు నిలుస్తుంది. గట్టు మీద బోర్లా పడుకుని పిట్ట కంటి ఎత్తుకు దిగితే వెనకున్నదంతా దూరంగా జరిగి మెత్తబడుతుంది. పిట్ట చిన్నదయ్యే కొద్దీ దాని ఆకారం స్పష్టంగా ఉండాలి. ముక్కు పక్కకు తిరిగి ఉండాలి, కాళ్లు రెండూ విడిగా తెలియాలి. ఇది క్లోజప్ కంటే కష్టమైన పని.

ఆటపాకలో ఇంకో సంగతి ఉంది. అక్కడ చెట్లు చాలక అటవీశాఖ ఇనుప స్టాండ్లు నిలబెట్టింది. గూడబాతులు వాటి మీదే గూళ్లు కడుతున్నాయి. గుంటూరు దగ్గర ఉప్పలపాడు చెరువులోనూ ఇలాంటి ఏర్పాటే. ఫొటోల్లో మాత్రం ఆ ఇనుము అరుదుగా కనిపిస్తుంది. అందం చెడుతుందని కోసేస్తున్నారు. కొల్లేరు 1999లో అభయారణ్యమైంది. 2002లో అంతర్జాతీయ చిత్తడి నేలల రామ్‌సర్ జాబితాకెక్కింది. 2006లో అక్రమ చేపల చెరువుల గట్లను ప్రభుత్వమే కొట్టించింది. ఇంత చరిత్ర ఉన్న సరస్సులో ఇవాళ నీరెంత, గట్టెంత, గుర్రపుడెక్క ఎంత అన్నది వెడల్పుగా తీసిన ఫొటో చెబుతుంది. యాభై ఏళ్ల తర్వాత వెతికేవాళ్లకు గూడబాతు ముక్కులు వేలల్లో దొరికి, కొల్లేరు ఒక్క ఫొటోలోనూ దొరక్కపోతే అది మన తరం చేసిన నష్టమే.

చోటు వదిలి తీయడానికి ఒప్పుకున్నవాళ్లకు గూటి దగ్గరికి పాకే అవసరం కూడా ఉండదు. మనిషి మీదికొస్తే తల్లిపిట్ట లేచిపోతుంది. ఆ కాసేపట్లో గుడ్లు ఎండకు మాడతాయి, లేదా కాకుల పాలవుతాయి. ఫ్రేమ్ నింపాలన్న పంతానికి పిట్టలు చెల్లిస్తున్న ధర ఇది. దీన్ని సరదాగా తీసిపారేయడానికి లేదు.

ఫొటో పోటీలు పెట్టే క్లబ్బులు, కాలేజీలు పిట్టతో పాటు అది ఉండే చోటునూ చూపిన ఫొటోలకు ఒక విభాగం కేటాయించాలి. పత్రికలు కూడా ఇలాంటి ఫొటోను కాలమ్ వెడల్పుకు కోసి ఇరికించకుండా, ఆదివారం సంచికలో ఒక్కటైనా పేజీ అడ్డంగా పూర్తిగా వేయాలి. కింద పిట్ట పేరు, చెరువు పేరు, నెల, సంవత్సరం ఉండాలి. గూడున్న ఫొటో అయితే మాత్రం, జనం అక్కడికి ఎగబడకుండా, చెరువు పేరు వేయకూడదు.