ఇంటర్వ్యూ కోసం కొత్త ల్యాప్‌టాప్ కొనాలా? నా ఓటు మీ చేతిలో ఉన్న ఫోన్‌కే

పోయిన నెల మా బాబాయి కొడుకు ఫోన్ చేశాడు. బీటెక్ మూడో సంవత్సరం, ఇంటర్న్‌షిప్ ఇంటర్వ్యూలు మొదలవుతున్నాయి. "అన్నా, 80 వేలల్లో మంచి ల్యాప్‌టాప్ ఒకటి చెప్పు. 16 జీబీ ర్యామ్, గ్రాఫిక్స్ కార్డ్ ఉండాలి" అన్నాడు. ఉన్నదానికేమైందిరా అంటే, "8 జీబీయే అన్నా, ఇంటర్వ్యూలకి సరిపోదు" అన్నాడు. ఈఎంఐ ఎవరు కడతారు అనడిగితే మాత్రం సౌండ్ లేదు. బాబాయి పండించిన మిర్చి ఇంకా కోల్డ్ స్టోరేజీలోనే ఉంది. రేటు కోసం చూస్తున్నాడు.

గాడ్జెట్ల సైట్‌లో "కొనొద్దు" అని రాయడం కాస్త విడ్డూరమే. అయినా ఈ విషయంలో నా అభిప్రాయం అదే.

అసలు విషయానికొద్దాం. హ్యాకర్‌ర్యాంక్ లాంటి ప్లాట్‌ఫామ్‌లో మీరు రన్ నొక్కితే, ఆ కోడ్ నడిచేది మీ ల్యాప్‌టాప్‌లో కాదు, వాళ్ల సర్వర్‌లో. మీ వైపు కావల్సింది బ్రౌజర్, కెమెరా, మైక్, ఆగకుండా వచ్చే నెట్. అంతే. లక్ష నంబర్లలో ఏ రెండు కలిపితే ఫలానా మొత్తం వస్తుందో కనుక్కోమన్నారనుకోండి. లూప్‌లో లూప్ పెడితే దాదాపు 500 కోట్ల జతలు చూడాలి. హ్యాష్ మ్యాప్ వాడితే ఆ లక్ష నంబర్లని ఒక్కసారి చూస్తే చాలు. ఈ తేడా ర్యామ్ పెంచితే రాదు, మీకు తెలిసుండాలి.

నా మొదటి ఇంటర్వ్యూ సంగతి చెప్తా. అప్పుడే కొన్న బ్లూటూత్ ఇయర్‌బడ్స్ పెట్టుకుని స్టైల్‌గా కూర్చున్నా. రెండో నిమిషానికే "మీ వాయిస్ క్లియర్‌గా లేదు" అన్నారు అవతలివాళ్లు. కారణం తర్వాత తెలిసింది. మామూలు బ్లూటూత్‌లో మైక్ ఆన్ అవగానే పాటలు వినే మోడ్ నుంచి కాల్ మోడ్‌కి మారిపోతుంది, సౌండ్ క్వాలిటీ బాగా పడిపోతుంది. ఎల్ఈ ఆడియో వచ్చాక పరిస్థితి మెరుగైంది కానీ, ల్యాప్‌టాప్, బడ్స్ రెండూ దాన్ని సపోర్ట్ చేయాలి. కొన్ని వందల రూపాయల వైర్డ్ ఇయర్‌ఫోన్స్‌కి ఈ తలనొప్పే లేదు. వైఫై ఊగిసలాడుతుంటే ఫోన్‌ని కేబుల్‌తో కలిపి యూఎస్‌బీ టెథరింగ్ పెట్టుకోండి. హాట్‌స్పాట్ కంటే నిలకడగా ఉంటుంది, ఫోన్ చార్జ్ కూడా అవుతుంది.

కానీ నేను ఫెయిలైంది మైక్ వల్ల కాదు. బడ్స్ తీసేసి మాట్లాడాక, "మీ ప్రాజెక్ట్‌లో ఈ డేటాబేసే ఎందుకు వాడారు?" అనడిగారు. యూట్యూబ్ వీడియోలో వాడారు కాబట్టి నేనూ వాడా. ఆ మాట చెప్పలేక ఏదేదో వాగాను. నిజానికి ఆ ప్రాజెక్ట్‌లో సగం నేనే రాశా. రాసింది నోటితో చెప్పడం మాత్రం ఒక్కసారీ ప్రాక్టీస్ చేయలేదు.

అందుకే నా దృష్టిలో ఇంటర్వ్యూకి బెస్ట్ గాడ్జెట్ మీ ఫోన్‌లోని వాయిస్ రికార్డర్. రోజూ ఒక ప్రాబ్లమ్ తీసుకోండి. కోడ్ రాసేముందు మీ ఆలోచనని రెండు నిమిషాలు పైకి చెప్తూ రికార్డ్ చేయండి. ప్రాజెక్ట్ గురించీ అంతే. ఏ సమస్య కోసం చేశారు, మీ వాటా ఎంత, ఎక్కడ పగిలింది, మళ్లీ చేస్తే ఏం మారుస్తారు. తర్వాత వినండి. మొదటి రోజు నా రికార్డింగ్ నేనే పూర్తిగా వినలేకపోయా. ప్రతి వాక్యానికీ "బేసిక్‌గా", "యాక్చువల్‌గా". ఎక్కడ తడబడ్డానో అక్కడ నాకు సబ్జెక్టే సరిగా తెలీదని రెండు వారాల్లో అర్థమైంది.

మరి ఏఐ సంగతి? చాట్‌జీపీటీని ఇంటర్వ్యూయర్‌లా కూర్చోబెట్టి ప్రశ్నలు అడిగించుకోండి, చాలా పనికొస్తుంది. ఇంటర్వ్యూ నడుస్తుండగా పక్క స్క్రీన్‌లో జవాబు చూపించే టూల్స్ జోలికి మాత్రం పోకండి. పైన చెప్పిన ప్రాబ్లమ్‌కే "నంబర్లు ముందే సార్ట్ అయి ఉంటే?" అని ఒక్క ప్రశ్న వేస్తారు. రెండు చివర్ల నుంచి రెండు పాయింటర్లు నడపొచ్చని, అదనపు మెమరీ అక్కర్లేదని అర్థమైనవాడు వెంటనే చెప్తాడు. చదివి చెప్పేవాడి కళ్లు పక్కకి వెళ్తాయి. అది అవతలివాళ్లకి కనిపిస్తుంది. ఒకవేళ దొరక్కపోయినా, చేరాక ఆ పని చేయాల్సింది మీరే కదా.

అసలు కొత్తది ఎవరూ కొనొద్దని కాదు. ఆండ్రాయిడ్ స్టూడియో రోజూ వాడేవాళ్లకి 8 జీబీ నిజంగానే ఇబ్బంది. పాత హార్డ్ డిస్క్‌తో నడుస్తున్న ల్యాప్‌టాప్ అయితే ముందు ఎస్ఎస్‌డీ వేయించి చూడండి, చాలామందికి అక్కడితో సరిపోతుంది. కానీ "ఇంటర్వ్యూ ఉంది కాబట్టి" అన్న ఒక్క కారణంతో ఇంట్లోవాళ్ల నెత్తిన ఈఎంఐ పెట్టకండి.

మావాడు ఇప్పుడు రోజూ రాత్రి ఒక రికార్డింగ్ పంపిస్తున్నాడు. మొదటివి విని నవ్వొచ్చింది. నిన్నటిది విని నేనే ఒక పాయింట్ నేర్చుకున్నా. ఇంటర్వ్యూ వచ్చే వారం. ఏమవుతుందో తెలీదు. ల్యాప్‌టాప్ గురించి అడిగితే మాత్రం, "స్టైపెండ్ వచ్చాక చూద్దాంలే అన్నా" అన్నాడు.