గడీ తలుపులు తెరవాలి

బెర్లిన్‌లో ఒకప్పటి ప్రింజ్ ఆల్బ్రెక్ట్ వీధి ఎనిమిదో నంబరు భవనం నాజీల రహస్య పోలీసులకు, అంటే గెస్టపోకు, ప్రధాన కచేరీ. యుద్ధంలో బాంబులు పడి సగం పోయింది, మిగిలిన సగాన్ని 1950లలో నేలమట్టం చేశారు. ఆ తర్వాత చాలా ఏళ్లు అక్కడ మట్టికుప్పలు పోసుకున్నారు, కార్లు నేర్చుకునేవాళ్లు చక్కర్లు కొట్టారు. ఊరు ఊరంతా మరిచిపోదామనుకున్న జాగా అది. 1985లో కొందరు పౌరులు పలుగూ పారా పట్టుకొని తవ్వడానికి దిగారు. రెండేళ్లకు, నగరానికి 750 ఏళ్లు నిండిన సందర్భంగా, బయటపడ్డ నేలమాళిగల పునాదుల పక్కనే ఒక ప్రదర్శన పెట్టారు. తాత్కాలికమని పెట్టిన ఆ ప్రదర్శన జనం రాక వల్లే నిలబడిపోయి, 2010 నాటికి సొంత భవనం కట్టుకుంది. అందులో కనిపించేది ఎక్కువగా చంపినవాళ్ల కథ. ఏ బల్ల మీద ఏ కాగితం కదిలింది, ఎవరు సంతకం పెట్టారు, ఆ సంతకానికి ఏ ఊళ్లో ఎవరు పోయారు అన్న వివరం. మనవాళ్లు ఐరోపా వెళ్తే ఐఫిల్ టవర్, లూవ్ర్, రోము చూసి వస్తారు. చదువులకూ కొలువులకూ వెళ్లిన పిల్లలు మాత్రం ఇలాంటి చోట్లకూ పోతున్నారు, ఆ ఫొటోలు తొర్రూరులో, దంతాలపల్లిలో ఉన్న అమ్మానాన్నల ఫోన్లలోకి వచ్చి పడుతున్నాయి. ఐరోపా తన ఘనతతో పాటు తన సిగ్గును కూడా గోడలతో సహా భద్రపరుచుకుంది. ఆ రెండో పని మనం చేయలేదు, చేయాలి అన్నది నా వాదన.

దంతాలపల్లి నుంచి బయలుదేరితే ఒక్క పూటలో చుట్టిరాగల ఊళ్ల పేర్లు చూడండి. విసునూరు: దేశ్‌ముఖ్ రామచంద్రారెడ్డి ఏలుబడికి కేంద్రం. కడవెండి: 1946 జూలై 4న ఊరేగింపు మీద గడీ మనుషులు తుపాకులు పేలిస్తే దొడ్డి కొమరయ్య నేలకొరిగిన చోటు. పాలకుర్తి: కౌలుకు తీసుకున్న పొలంలో పండిన పంటను దొర మనుషులు ఎత్తుకుపోకుండా సంగం అండతో ఇంటికి చేర్చుకున్న చాకలి ఐలమ్మ ఊరు. చిన్నగూడూరు: దాశరథి అన్నదమ్ములు పుట్టిన ఊరు. వీళ్ల పేర్లకు ఇవాళ కొదవ లేదు. విగ్రహాలున్నాయి, స్తూపాలున్నాయి, జయంతులకు పూలదండలున్నాయి. 2024లో హైదరాబాదులోని కోఠి మహిళా విశ్వవిద్యాలయానికి ఐలమ్మ పేరే పెట్టారు. మంచిదే. కానీ ఐలమ్మ ఎవరితో తలపడిందో, కొమరయ్య ఏ గోడ ముందు పడిపోయాడో చూపించమని పదేళ్ల పిల్ల అడిగితే చూపించడానికి మన దగ్గర ఏముంది? తెలంగాణ అంతటా గడీల గతి దాదాపు ఒకటే. కొన్నింట్లో రావిచెట్లు మొలిచాయి, కొన్నింటి రాళ్లూ దూలాలూ తలా కొంచెం పట్టుకుపోయారు, కొన్ని బళ్లూ కచేరీలూ అయ్యాయి, కొన్ని ప్లాట్లయ్యాయి. గెలిచినవాళ్ల బొమ్మలు మిగిలాయి గానీ, వాళ్లు దేన్ని గెలిచారో ఆ రూపం చెరిగిపోతోంది.

గడీ అంటే పెద్ద ఇల్లు మాత్రమే అయితే పోతే పోనీ అనుకోవచ్చు. అది ఒక యంత్రాంగం. పుచ్చలపల్లి సుందరయ్య 1972లో వెలువరించిన తన పుస్తకంలో విసునూరు దేశ్‌ముఖ్ భూమి 40,000 ఎకరాలనీ, సూర్యాపేట ప్రాంతపు జన్నారెడ్డి ప్రతాపరెడ్డి కుటుంబానిది లక్షా యాభై వేల ఎకరాలనీ రాశారు. నలభై వేల ఎకరాలు ఎంత అన్నది అంకెగా చదివితే ఎవరికీ తలకెక్కదు. ధాన్యం కొలిచిన వాకిలి, నింపిన గరిసెలు, కప్పం కట్టలేనివాణ్ని వంచి నిలబెట్టిన జాగా, లోపలి ఆడవాళ్లు బయటికి రాకుండా, బయటి ఆడవాళ్లు లోపలికి వెళ్తే తిరిగి రాకుండా కట్టిన గోడల ఎత్తు చూస్తే ఎక్కుతుంది. చాకలి బట్టలుతకాలి, కుమ్మరి కుండలియ్యాలి, మాదిగ చెప్పులు కుట్టి మోట బొక్కెనలు చేయాలి, గొల్ల గొర్రెను తోలాలి, గౌండ్ల కల్లు పోయాలి, ఏ ఒక్కరికీ కూలి అడిగే నోరుండకూడదు. వెట్టి అనే రెండక్షరాల్లో ఇమిడిపోయిన ఈ ఏర్పాటుకు ఒక నేలపటం ఉంది. ఎవరు ఏ గుమ్మం దాకా రావచ్చు, ఎక్కడ చెప్పులు చేత పట్టుకోవాలి, ఎక్కడ ‘బాంచన్’ అని వంగాలి అన్నది ఆ కట్టడంలోనే రాసిపెట్టి ఉంది. విగ్రహం ధైర్యాన్ని చూపిస్తుంది. ఆ ధైర్యం ఎందుకు అంత అరుదైందో, ఎంత ఖరీదైందో చెప్పే సాక్ష్యం గడీ గోడ.

దీనికి మొట్టమొదట వచ్చే అభ్యంతరం బలమైనది, దాన్ని తేలిగ్గా తోసేయడం తప్పు. వెట్టి చేసినవాళ్ల మనుమలు ‘మా తాత వంగిన గుమ్మానికి సర్కారు డబ్బుతో సున్నం వేస్తారా’ అని అడిగితే ఏం చెప్తాం? తెలంగాణ సాయుధ పోరాటం రోజుల్లో జనం గడీల మీద పడి అప్పుపత్రాలు తగలబెట్టారంటే అది మరుపు కోసం చేసిన పని కాదు, విముక్తి. గోడ పడగొట్టే హక్కు ఎవరికైనా ఉంటే ముందు వాళ్లకే ఉంటుంది. అయితే ఒక సంగతి గమనించాలి. ఇవాళ గడీలను కూలుస్తున్నది వెట్టి చేసినవాళ్ల కోపం కాదు. వానలు కూలుస్తున్నాయి, వారసుల అమ్మకాలు కూలుస్తున్నాయి, రోడ్డు పక్క గజం ధర కూలుస్తోంది. బాధితుడి తీర్పు ఎవరూ అడగలేదు. అడిగితే కొన్ని ఊళ్లు కూల్చమనే అనవచ్చు, ఆ ఊళ్లలో కూల్చాల్సిందే. నేను కోరేది ప్రతి గడీకీ రక్షణ కాదు. జనగామ, మహబూబాబాద్ ప్రాంతంలో ఒక్కటి, ఊరు ఒప్పుకున్న ఒక్కటి.

రెండో భయం ఇంకోవైపు నుంచి వస్తుంది: నిలబెడితే అది దొరల వైభవానికి గుడి అయిపోతుందని. ఉత్త భయం కాదిది. హిట్లర్ పుట్టిన బ్రౌనౌ ఇంటిని ఆస్ట్రియా ప్రభుత్వం చట్టం చేసి మరీ స్వాధీనం చేసుకుని, అది భక్తుల యాత్రాస్థలం కాకుండా పోలీసు ఠాణాకు ఇవ్వాలని నిర్ణయించింది. మన దగ్గర ప్రమాదం మరో రూపంలో ఉంది. పాత సంస్థానాల కోటలకు మంచి మరమ్మతులు జరగడం లేదని కాదు. దోమకొండ కోట పనికి 2022లో యునెస్కో ఆసియా-పసిఫిక్ పురస్కారం కూడా వచ్చింది, సున్నపు పనిలో ఆ నేర్పు మెచ్చుకోవాల్సిందే. కానీ అందంగా బాగుచేసిన పాత ఇంటికి తర్వాత వచ్చేది పెళ్లికి ముందు ఫొటోలు, ఆ తర్వాత వారాంతపు విడిది. గోడ బాగుపడి కథ చెడిపోవడం అంటే అదే. కాబట్టి తేడా అంతా అక్కడ ఎవరు మాట్లాడతారన్న దానిలో ఉంది. ఈ విషయం మన కళాకారులకు ముందే తెలుసు. 1979 నాటి ‘మా భూమి’ సినిమాను మెదక్ ప్రాంతపు మంగళపర్తి గడీలో తీశారు, బి. నర్సింగరావు 1988 నాటి ‘దాసి’ గడీని లోపలి నుంచి, ఒక దాసి కళ్లతో చూపించింది. ఆ సినిమాల్లో గడీ గంభీరంగానే ఉంటుంది, కానీ చూసి బయటికి వచ్చినవాడికి అందులో కాపురం ఉండాలనిపించదు. దాశరథి రంగాచార్య ‘చిల్లర దేవుళ్లు’ చదివినవాడికీ అనిపించదు.

మరి నవలా, సినిమా, ఒగ్గుకథా, బుర్రకథా ఇంత పని చేస్తుండగా రాళ్లెందుకు? మన జ్ఞాపకం నోటి జ్ఞాపకం, ఐరోపాది రాతి జ్ఞాపకం, ఎవరి పద్ధతి వాళ్లదని చదువుకున్న మిత్రులే అంటారు. స్త్రీశక్తి సంఘటన వాళ్లు 1986లో తెచ్చిన ‘మనకు తెలియని మన చరిత్ర’ లాంటి పుస్తకం ఉండగా ఆ మాటను కాదనడం కష్టం. ఐలమ్మ తన మాటల్లోనే అందులో మాట్లాడింది, ఆ పుస్తకం రాకపోతే ఆ తరం ఆడవాళ్ల గొంతు సగం పోయేది. కానీ బైరాన్‌పల్లి సంగతి చూడండి. ఒకప్పటి జనగామ తాలూకా ఊరు, ఇప్పుడు సిద్దిపేట జిల్లాలో ఉంది. 1948 ఆగస్టు 27న రజాకార్లూ నిజాం బలగాలూ ఊరి మీద పడి దొరికినవాళ్లను దొరికినట్టు కాల్చాయి. ఊరివాళ్లు ఎదురు నిలిచిన బురుజు ఇప్పటికీ ఉంది, అందుకే ఆ ఊరి పేరు చెప్పగానే కళ్లముందుకు ఒక ఆకారం వస్తుంది. చనిపోయినవాళ్లెందరు అని అడగండి: ఎనభై పైచిలుకు దగ్గర్నుంచి నూటికి పైగా దాకా ఒక్కో పుస్తకంలో ఒక్కో లెక్క. ఫ్రాన్సులోని ఒరదూర్ సుర్ గ్లాన్‌లో 1944 జూన్ 10న నాజీ సైనికులు మగవాళ్లను కొట్టాల్లో కాల్చి, ఆడవాళ్లనూ పిల్లలనూ చర్చిలో పెట్టి తగలబెట్టారు. ఆ ఊరిని కాలినది కాలినట్టే ఉంచాలని ద గాల్ నిర్ణయించాడు, పక్కన కొత్త ఊరు కట్టారు. మృతుల సంఖ్య 642 అని దశాబ్దాలు చెప్పుకున్నారు. 2020లో ఒక స్పెయిన్ శరణార్థి స్త్రీ పేరు అదనంగా తేలి 643 అయింది. డెబ్బై ఆరేళ్ల తర్వాత ఒక్క పేరు! చోటు మిగిలి, దానికి ఒక కచేరీ, దాని కాగితాలకు ఒక మనిషి ఉంటేనే అలాంటి వెతుకులాట సాగుతుంది. పాట మనసును కదిలిస్తుంది, పేర్ల పట్టీ సరిచూడడం పాట పని కాదు. ఈ లోపు మనం హైదరాబాదు రాజ్యం భారతదేశంలో కలిసిన సెప్టెంబరు 17ను విమోచనం అనాలా, సమైక్యత అనాలా, మరొకటి అనాలా అని ఏటా వాదులాడుకుంటాం; పేరు ఏది పెట్టినా ఆ రోజు గోడలకు మట్టి మెత్తేవాడు ఎవడూ లేడు.

ఐరోపా మనకు పాఠం చెప్పే స్థితిలో ఉందా అన్నది న్యాయమైన ప్రశ్నే. అమరావతి స్తూపపు శిల్పాలు వాల్టర్ ఎలియట్ 1845లో తవ్వించినవి, 1859లో లండన్ చేరాయి, ఇవాళ బ్రిటిష్ మ్యూజియంలో అద్దాల వెనక ఉన్నాయి. తన ఇంట్లో జరిగిన హత్యలకు స్మారకాలు కట్టిన ఖండం, పరాయి ఇళ్ల నుంచి తెచ్చుకున్న వాటికి ‘కళ’ అని పేరు పెట్టుకుంది. కాంగోలో బెల్జియం చేసిన దారుణాలను బ్రస్సెల్స్ పక్కనున్న టెర్వురెన్ మ్యూజియం సూటిగా మాట్లాడడం మొదలుపెట్టింది 2018లో తిరిగి తెరిచాకే. ఒరదూర్ కథ కూడా అంత నిర్మలం కాదు. 1953లో దోషులుగా తేలినవాళ్లలో అల్సాస్ ప్రాంతం నుంచి బలవంతంగా సైన్యంలోకి తీసుకున్నవాళ్లకు పార్లమెంటు క్షమాభిక్ష పెట్టింది. ఊరివాళ్లు మండిపడి సర్కారిచ్చిన గౌరవ పతకాన్ని తిప్పి పంపారు, ఆ చట్టానికి ఓటేసిన సభ్యుల పేర్లు శిథిల గ్రామం వాకిట్లోనే కట్టారు. నాకు ఆ ఊరిలో అన్నిటికంటే నచ్చే సంగతి అదే: స్మారకం సర్కారుది అయినా నోరు మాత్రం ఊరిదే. కాబట్టి ఐరోపాను గురువుగా పెట్టుకోనక్కర్లేదు. అక్కడ ఏది చేస్తే నిలిచింది, ఎక్కడ తప్పుకున్నారు అన్నది రెండూ చూసి పని నేర్చుకోవచ్చు.

ఇక ‘బడికి కప్పు లేదు, చెరువుకు తూము లేదు, పాడుబడ్డ గడీకి డబ్బా’ అనేవాళ్లకు జవాబు సులువు. కావాల్సింది గచ్చు, పాలరాయి, లైట్లు కాదు. కప్పు కారకుండా చూడడం, గోడ ఒరగకుండా ఆనించడం, ఒక గదిలో కాగితాలు. కేంద్ర చట్టం కనీసం వందేళ్లు నిండిన కట్టడాలనే చూస్తుంది, దాని చూపు రామప్ప లాంటి వాటి మీదే ఆగుతుంది. 1213 నాటి ఆ గుడికి 2021లో ప్రపంచ వారసత్వ హోదా వచ్చిందంటే అందం వల్ల. అందం లేని, వయసు తక్కువైన, జ్ఞాపకం మాత్రం ఎక్కువైన చోట్లకు రాష్ట్రం 2017లో చేసుకున్న వారసత్వ చట్టాన్ని వాడవచ్చు. ముందు గ్రామసభ పిలవాలి, వెట్టి చేసిన కుటుంబాల మాట మొదట వినాలి, యాజమాన్యం వారసులదైతే కొనాలి లేదా ఒప్పందం రాసుకోవాలి. రెండో పని తొందరది. దేశ్‌ముఖుల కాలపు పహాణీలూ పట్టాలూ అర్జీలూ తార్నాకలోని రాష్ట్ర ప్రాచీన పత్రాల భాండాగారంలోనూ పాత తాలూకా కచేరీల్లోనూ ఉర్దూలో, ఫారసీలో ఉన్నాయి. ఆ గొలుసుకట్టు చేతిరాత చదవగలిగినవాళ్లు ఏటేటా తగ్గుతున్నారు. ఏ సర్వే నంబరు ఎవరి పేరు నుంచి ఎవరి పేరుకు ఏ సాలున మారిందో వాళ్లుండగానే తెలుగులోకి దింపించాలి. గోడలకు మరమ్మతు అయిదేళ్లు ఆలస్యమైనా ఆగుతుందేమో, ఇది ఆగదు.