స్కానర్ చేతికి వచ్చింది, సమాచారం తాళంలోనే ఉంది: కారు మరమ్మతు హక్కుపై తేలని ప్రశ్న

డ్యాష్‌బోర్డుపై ఇంజిన్ బొమ్మతో ఉండే పసుపు దీపం వెలగగానే కారు యజమాని మనసులో రెండు ప్రశ్నలు మొదలవుతాయి. బండికి ఏమైంది? ఖర్చు ఎంత? మొన్నమొన్నటి వరకు ఈ రెండింటికీ సర్వీసు కేంద్రమే సమాధానం చెప్పవలసి వచ్చేది. అక్కడ చెప్పినది నమ్మక తప్పేది కాదు. ఇప్పుడు కొన్ని వందల రూపాయల నుంచి కొన్ని వేల రూపాయల వరకు ధర పలికే, అరచేతిలో ఇమిడే డయాగ్నస్టిక్ స్కానర్ మొదటి ప్రశ్నకు కొంత సమాధానాన్ని ఇంటి ముంగిట్లోనే ఇస్తోంది.

ఆ పరికరం ఎంత చూపుతుంది, ఎంత చూపలేకపోతుంది అన్నది కేవలం సాంకేతిక విషయం కాదు. సొమ్ము చెల్లించి కొన్న వాహనంపై యజమానికి, దానిని బాగుచేసి బతికే చిన్న మెకానిక్‌కు ఉన్న హక్కు ఎంత అన్న ప్రశ్న దాని వెనుక ఉంది. దశాబ్దానికి పైగా నలుగుతున్న ఆ ప్రశ్నకు మన దేశంలో ప్రత్యేక చట్టం ఇంతవరకు రాలేదు.

కాలుష్య నియంత్రణ తెరిచిన తలుపు

స్టీరింగ్ కింద ఉండే పదహారు పిన్నుల సాకెట్‌కు స్కానర్‌ను తగిలిస్తారు. ఆ సాకెట్ యజమానుల సౌకర్యం కోసం పుట్టినది కాదు. వాహనాల పొగతో సతమతమైన కాలిఫోర్నియా రాష్ట్రం, ఉద్గారాలను అదుపు చేసే భాగాలు సరిగా పనిచేస్తున్నాయో లేదో కారే స్వయంగా గమనించుకోవాలని 1988 మోడళ్ల నుంచి నిబంధన పెట్టింది. దాని రెండో తరం రూపమైన ఓబీడీ-2 విధానం 1996 మోడళ్ల నుంచి అమెరికా అంతటా తప్పనిసరి అయింది. ఐరోపా సమాజం పెట్రోలు కార్లకు 2001లో, డీజిల్ కార్లకు 2004లో దీనిని వర్తింపజేసింది.

మన దేశంలో తొలి దశ 2010 ఏప్రిల్‌లో, రెండో దశ 2013 ఏప్రిల్‌లో అమలులోకి వచ్చాయి. 2020 ఏప్రిల్ 1 నుంచి అమలైన బీఎస్-6 ప్రమాణాలతో ఈ స్వయం పర్యవేక్షణ మరింత కట్టుదిట్టమైంది, ద్విచక్ర వాహనాలకూ విస్తరించింది. సాకెట్ ఆకారం, ప్రధానమైన కోడ్‌ల అర్థం అన్ని కంపెనీలకూ ఒకటే కావడంతో ఏ తయారీదారు కారునైనా ఒకే సాధారణ స్కానర్ చదవగలుగుతోంది. అంటే యజమానికి నేడు దక్కిన ఈ వెసులుబాటు కాలుష్య చట్టం వల్ల అనుకోకుండా వచ్చిన ఫలం. అది వినియోగదారు హక్కుగా లభించినది కాదు.

కోడ్ లక్షణమే, రోగనిర్ధారణ కాదు

స్కానర్ విషయంలో జరిగే పెద్ద పొరపాటు దాని తెరపై కనిపించిన దానిని తీర్పుగా భావించడం. జ్వరం ఉందని థర్మామీటర్ చెబుతుంది. అది మలేరియానో టైఫాయిడో చెప్పదు. కోడ్ కూడా అంతే.

పి0171 కోడ్‌నే తీసుకుందాం. ఇంజిన్‌లో ఇంధనానికి గాలి పాలు మించిందని దాని అర్థం. కారణం పగిలిన వాక్యూమ్ గొట్టం కావచ్చు, మురికి పట్టిన ఎయిర్‌ఫ్లో సెన్సర్ కావచ్చు, బలహీనపడిన ఇంధన పంపు కావచ్చు. కోడ్ చూసిన వెంటనే ఆక్సిజన్ సెన్సర్ మార్చేస్తే డబ్బు పోతుంది, దీపం మళ్లీ వెలుగుతుంది. ఉత్ప్రేరక కన్వర్టర్ సామర్థ్యం తగ్గిందని చెప్పే పి0420తో నష్టం ఇంకా పెద్దది. ప్లాటినం, పల్లేడియం, రోడియం వంటి లోహాలుండే ఆ భాగం ఎంతో ఖరీదైనది. పొగ గొట్టంలో చిన్న లీకు ఉన్నా అదే కోడ్ రావచ్చు.

సరిగా వాడితే మాత్రం ఈ పరికరం విలువైనదే. పి0301 అంటే ఒకటో సిలిండర్‌లో ఇంధనం సరిగా మండడం లేదని అర్థం. ప్రతి సిలిండర్‌కూ విడి ఇగ్నిషన్ కాయిల్ ఉన్న కారులో ఒకటో కాయిల్‌ను రెండో స్థానంలోకి, రెండో దానిని ఒకటో స్థానంలోకి మార్చి, కోడ్‌ను చెరిపి మళ్లీ కొద్దిసేపు నడిపి చూడవచ్చు. ఈసారి పి0302 వస్తే లోపం కాయిల్‌దే. పి0301 అలాగే ఉంటే స్పార్క్ ప్లగ్, ఇంజెక్టర్, కంప్రెషన్ వైపు చూడాలి. కొత్త భాగమేదీ కొనకుండానే అనుమానితుల జాబితా తగ్గింది.

ఇంట్లో పాటించవలసిన క్రమమూ కష్టమైనది కాదు. ఇంజిన్ ఆపి స్కానర్‌ను తగిలించాలి, తాళం తిప్పి ఇగ్నిషన్ ఆన్ చేయాలి, కోడ్‌లన్నీ కాగితంపై రాసుకోవాలి. లోపం తలెత్తిన క్షణంలో వేగం, ఇంజిన్ ఉష్ణోగ్రత, భారం ఎంతో కంప్యూటర్ భద్రపరిచిన వివరాలనూ నమోదు చేసుకోవాలి. చెరపడం చివరి పని, ఎందుకంటే కోడ్‌తో పాటు ఆ ఆధారాలూ పోతాయి. పసుపు దీపం ఆగి ఆగి మిణుకుమంటుంటే పరిశోధన పక్కనపెట్టి బండి ఆపడమే మేలు. మండని ఇంధనం కన్వర్టర్‌లోకి చేరి దానిని కాల్చివేసే ప్రమాదం ఉంది. ఎయిర్‌బ్యాగ్, బ్రేకుల విషయంలో కోడ్ చదివి తెలుసుకోవడం వరకే యజమాని పని. విప్పడం శిక్షణ పొందినవారికి వదిలిపెట్టాలి.

బేరం ముందు బలం, చర్చకు ఆధారం

పాత కారు కొనేవారికి స్కానర్ మరో విధంగా అక్కరకు వస్తుంది. అమ్మకానికి ముందు కోడ్‌లను చెరిపివేసి దీపం ఆర్పడం తేలిక. చెరిపిన తరువాత కారు తన భాగాలను తిరిగి పరీక్షించుకునేందుకు కొంత కాలం పడుతుంది. ఆ పరీక్షలు అసంపూర్తిగా ఉన్నాయని స్కానర్ చూపుతుంది. కోడ్‌లు చెరిపాక కారు ఎన్ని కిలోమీటర్లు తిరిగిందో కూడా చాలా కార్లలో తెలుస్తుంది. నిన్ననే చెరిపిన కారును నేడు చూపుతున్నారంటే కారణం అడగవలసిందే.

20 శాతం ఇథనాల్ కలిపిన ఈ20 పెట్రోలుపై సాగుతున్న చర్చకూ ఈ సమాచారం కొంత ఆధారం ఇవ్వగలదు. ఇథనాల్‌లో ఆక్సిజన్ ఉన్నందున అదే గాలికి ఎక్కువ ఇంధనం అవసరమవుతుంది. ఇంజిన్ కంప్యూటర్ ఇంధనాన్ని ఎంత శాతం సవరించుకుంటోందో స్కానర్ అంకెల్లో చూపుతుంది. పాత కారు యజమాని తన అనుభవాన్ని అంచనాగా కాక లెక్కగా చెప్పగలుగుతాడు. రబ్బరు గొట్టాలు, సీళ్ల మన్నికను మాత్రం ఈ అంకెలు చెప్పవు.

ప్రభుత్వం కూడా ఈ సాకెట్‌ను పూర్తిగా వాడుకోవడం లేదు. మన కాలుష్య తనిఖీ కేంద్రాలు పొగ గొట్టం చివర వెలువడే వాయువులను, పొగ సాంద్రతను కొలుస్తాయి. అమెరికాలోని పలు రాష్ట్రాలు సాకెట్‌కే పరికరం తగిలించి ఉద్గారాల తనిఖీ జరుపుతున్నాయి.

తాళం పడిన రెండో గది

సాధారణ స్కానర్ చదవగలిగేది ప్రధానంగా ఉద్గారాలకు సంబంధించిన ఉమ్మడి కోడ్‌లనే. ఎయిర్‌బ్యాగ్, ఏబీఎస్, స్టీరింగ్, తాళం చెవుల నమోదు, సాఫ్ట్‌వేర్ మార్పులు వంటివి చాలావరకు తయారీదారు సొంత భాషలో ఉంటాయి. బీఎస్-6 డీజిల్ కారులో మసిని వడకట్టే ఫిల్టర్‌నే చూడండి. నగరంలో చిన్న చిన్న ప్రయాణాలకే వాడితే అది మసితో నిండుతుంది. తొలి దశలో హైవేపై కొంతసేపు నడిపితే మసి దానంతట అదే కాలిపోతుంది. ఆ దశ దాటితే కంప్యూటర్‌కు ఆదేశమిచ్చి కాల్పించాలి. చవక పరికరాల్లో ఎక్కువ భాగం ఆ ఆదేశం ఇవ్వలేవు.

ఈ గది తాళం ఎవరి వద్ద ఉండాలన్న వివాదం 2011లోనే భారత పోటీ కమిషన్ ముందుకు వచ్చింది. ఒక కారు యజమాని ఫిర్యాదుతో మొదలైన విచారణ 2014 ఆగస్టు 25న ఉత్తర్వుగా ముగిసింది. విడిభాగాలు, డయాగ్నస్టిక్ పరికరాలు స్వతంత్ర గ్యారేజీలకు అందకుండా చేసి పోటీని దెబ్బతీశాయంటూ 14 కార్ల కంపెనీలకు కమిషన్ సుమారు 2,545 కోట్ల రూపాయల జరిమానా విధించింది. బయట మరమ్మతు చేయించుకున్నారన్న ఒక్క కారణంతో వారంటీని మొత్తంగా రద్దు చేయరాదని, తప్పుడు మరమ్మతు వల్ల కలిగిన నష్టం మేరకే నిరాకరించవచ్చని కూడా ఆదేశించింది.

కంపెనీలు అప్పీలుకు వెళ్లాయి. 2016 డిసెంబరులో అప్పిలేట్ ట్రైబ్యునల్ మూడు కంపెనీల విషయంలో కమిషన్ నిర్ధారణను సమర్థించింది. జరిమానాకు మాత్రం మొత్తం టర్నోవర్‌ను కాక సంబంధిత వ్యాపారాన్నే ప్రాతిపదికగా తీసుకోవాలంటూ ఆ మొత్తాన్ని తగ్గించింది. వ్యవహారం పై కోర్టులకు చేరింది. 2022 జులైలో కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ మరమ్మతు హక్కుపై కమిటీ వేసి వాహనాలనూ దాని పరిధిలో చేర్చింది. అదే ఏడాది డిసెంబరు 24న మరమ్మతు హక్కు పోర్టల్ ప్రారంభమైంది. సమాచారం ఇవ్వాలన్న చట్టబద్ధమైన నిర్బంధం లేనంత వరకు పోర్టల్ సూచిక పాత్రకే పరిమితం.

దీని భారం మొదట పడేది చిన్న గ్యారేజీలపైనే. విజయవాడ ఆటోనగర్‌లో ఇంజిన్ చప్పుడు విని లోపం పసిగట్టే చేతులు ఉన్నాయి. వేలాది కుటుంబాలు ఆ నైపుణ్యంపైనే బతుకుతున్నాయి. యాంత్రిక లోపాన్ని ఆ చేతులు సరిచేయగలవు. కొత్త భాగాన్ని అమర్చాక దానిని కంప్యూటర్‌కు పరిచయం చేసే సాఫ్ట్‌వేర్ లేకపోతే మాత్రం కారు కదలదు. వారంటీ ముగిసిన కారుకు దగ్గరి మెకానిక్ దూరమైతే యజమాని బేరమాడే శక్తీ తగ్గుతుంది.

భద్రత వాదనలో బలం ఎంత?

కంపెనీల వాదనను తోసిపుచ్చలేం. 2015లో అమెరికాలో ఇద్దరు పరిశోధకులు నడుస్తున్న జీప్ చెరోకీని దూరం నుంచి అదుపులోకి తీసుకుని చూపించారు. దాంతో తయారీ సంస్థ 14 లక్షల వాహనాలను వెనక్కి పిలిచి సాఫ్ట్‌వేర్ సరిచేయవలసి వచ్చింది. తరువాత పలు కంపెనీలు సాకెట్‌కు, కారు అంతర్గత నెట్‌వర్కుకు మధ్య రక్షణ ద్వారాలు పెట్టాయి. బలహీనమైన పాస్‌వర్డ్‌తో వచ్చే చవక బ్లూటూత్ పరికరాన్ని రోజుల తరబడి సాకెట్‌లోనే వదిలేయడం యజమానికీ క్షేమం కాదు.

ఇతర దేశాలు ఈ భయాన్ని నిషేధంతో కాక నిబంధనలతో ఎదుర్కొన్నాయి. అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్రం 2012లో వాహన మరమ్మతు హక్కు చట్టం చేసింది. రెండేళ్లకు తయారీదారులు దేశవ్యాప్త ఒప్పందానికి అంగీకరించారు. ఐరోపా సమాజంలో 2020 సెప్టెంబరు నుంచి అమలైన నిబంధనలు మరమ్మతు సమాచారాన్ని వివక్ష లేకుండా స్వతంత్ర గ్యారేజీలకు ఇవ్వాలంటున్నాయి. ఆస్ట్రేలియా 2022 జులై 1న ఇటువంటి పథకమే ప్రారంభించింది. అక్కడ సమాచారం ఉచితం కాదు, న్యాయమైన ధరకు కొనుక్కోవాలి. భద్రతకు సంబంధించిన వివరాలకు అర్హతల పరిశీలన ఉంటుంది.

విద్యుత్ కార్లతో ముంచుకొస్తున్న గడువు

ఈ నిర్ణయం వాయిదా పడేకొద్దీ మూల్యం పెరుగుతుంది. ఓబీడీ ప్రమాణం పొగను ఆధారం చేసుకున్నది. విద్యుత్ కారుకు పొగ లేదు. కాబట్టి పాత నిబంధన తెరిచిన తలుపు దానికి వర్తించదు. ఆ కారులో అత్యంత ఖరీదైన భాగమైన బ్యాటరీ ఆరోగ్యం ఎంత అన్నది అన్ని కంపెనీలకూ ఒకే పద్ధతిలో, ఒకే సాకెట్ ద్వారా యజమానికి తెలిసే ఏర్పాటు కావాలి. కాలిఫోర్నియా 2026 మోడళ్ల నుంచి అటువంటి నిబంధన పెట్టింది. మన మార్కెట్లో పాత విద్యుత్ కార్ల క్రయవిక్రయాలు ఊపందుకోకముందే ఇక్కడా అది రావాలి.

పోటీ కమిషన్ 2014లో చెప్పినదానిలో కీలకమైనవి మూడు: పరికరాలు, సమాచారం అందుబాటులో ఉంచడం, విడిభాగాలు బహిరంగంగా అమ్మడం, వారంటీని బెదిరింపుగా వాడకపోవడం. వాటిని చట్టంగా మార్చేందుకు కొత్త అధ్యయనం అక్కరలేదు. అది జరిగేవరకు స్కానర్ కొన్న యజమాని కారుకు జబ్బు చేసిందని తెలుసుకోగలడు గానీ, తనకు నచ్చిన వైద్యుడి వద్దకు దానిని తీసుకువెళ్లగలడన్న హామీ లేదు.